కూనేరుకో న్యాయం, కొత్తవలసకో న్యాయమా?

పార్వతీపురం మీదుగా రాయగడ వెళ్లే రైలు మార్గంలో ఆంధ్రా వైపు ఆఖరి స్టేషన్ కూనేరు. అది దాటితే ఒడిశా. వాల్తేరు రైల్వే డివిజన్‌ను విశాఖపట్నం, రాయగడ డివిజన్లుగా చీల్చే నిర్ణయానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఫిబ్రవరిలో ఆమోదం తెలిపినప్పుడు ఆ మార్గంలో గీత సరిగ్గా కూనేరు దగ్గర పడింది. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే మార్గంలో పర్లాకిమిడి దగ్గర పడింది. పర్లాకిమిడి మన పాతపట్నం పక్క ఊరే, అంటే అక్కడా గీత రాష్ట్ర సరిహద్దు మీదే ఉంది. ఈ రెండు చోట్లా తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇటువైపు ఊళ్లు విశాఖకి, అటువైపు ఊళ్లు రాయగడకి. ఎవరైనా అలాగే గీస్తారు.

మూడోది కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే మార్గం. దాని మాటకొచ్చేసరికి గీత కొండ ఎక్కనే లేదు. కొత్తవలసలో ఆగిపోయింది. కొత్తవలస అంటే విశాఖపట్నంలో రైలెక్కితే గంటలోపు వచ్చేసే మైదానం ఊరు. అక్కడి నుంచి మొదలై మల్లివీడు, లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు, గోరాపూర్ దాకా ఆంధ్ర గడ్డ మీద ఉన్న స్టేషన్లన్నీ రాయగడ డివిజన్‌కి రాసిచ్చేశారు. కొత్తగా వచ్చే విశాఖపట్నం డివిజన్‌కి మిగిలింది సుమారు 410 కిలోమీటర్లు, రాయగడకి వెళ్లింది సుమారు 680 కిలోమీటర్లు. కిలోమీటర్ల లెక్క మీద నాకు పట్టింపు లేదు. మిగతా రెండు మార్గాల్లో పాటించిన పద్ధతి ఈ మార్గంలో ఎందుకు పాటించలేదన్నదే నా ప్రశ్న. నాకు తెలిసినంతలో దీనికి సరైన జవాబు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

నేను కె.కె. లైనులో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. కొత్తవలస - కిరండూల్ లైను అని మొత్తం పేరు పలికేవాళ్లు మా సర్వీసులో ఎవరూ లేరు, అందరికీ కె.కె. లైనే. ఇప్పుడు ఎస్.కోటలో, అంటే శృంగవరపుకోటలో, ఉంటున్నాను. ఇంటి డాబా మీద నిలబడితే బొడ్డవర వైపు వెళ్లే బండి కూత వినబడుతుంది. అది ఖాళీ గూడ్సు రేకా, పాసింజరా అన్నది చూడకుండానే చెప్పగలను. ఈ లైను గురించి నాకు తెలిసిందంతా చేతులతో చేసిన పని వల్ల తెలిసిందే.

రాయగడ మీద నాకు ఏ కోపమూ లేదు, ఆ సంగతి ముందే చెప్పాలి. కొరాపుట్, రాయగడ ప్రాంతాల ఆదివాసీలు ఇన్నేళ్లూ చిన్న అర్జీకి కూడా విశాఖ దాకా దిగి రావలసి వచ్చింది. వాళ్లకి దగ్గరలో డివిజన్ ఆఫీసు రావడం న్యాయం. 2025 జనవరి 6న దానికి ప్రధాని శంకుస్థాపన చేసినప్పుడు, నాతో పనిచేసిన కొరాపుట్ మిత్రుడొకరికి ఫోన్ చేసి అభినందించాను. రెండు రోజుల తర్వాత, 8న, విశాఖలో దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగితే అంతే సంతోషించాను. జోన్ కోసం ఈ ప్రాంతం ఎన్నేళ్లు అడిగిందో అందరికీ తెలుసు. ఆ రెండు సంతోషాల మధ్య మా కొండ స్టేషన్లు చేయి జారిపోవడమే నాకు మింగుడుపడటం లేదు.

కొండ మీద మనిషికి డివిజన్ అన్న మాట కొత్త కాదు. పొలం పట్టా కావాలంటే రెవెన్యూ డివిజన్. అడ్డాకు కోతకి వెళ్లి గార్డు కంటపడితే ఫారెస్టు డివిజన్. స్తంభం పడిపోయి నాలుగు రోజులు చీకటైతే కరెంటువాళ్ల డివిజన్. ఆశ్రమ పాఠశాలలో పిల్లకి ఫస్ట్ డివిజన్ వస్తే ఊరంతా చెప్పుకుంటారు. ఒక్కొక్క డివిజన్‌కి ఒక్కొక్క హద్దు, ఒక్కొక్క ఊళ్లో ఆఫీసు. ఇన్నింటి మధ్య రోజూ కళ్లారా చూసేది, పది రూపాయలో ఇరవై రూపాయలో పెట్టి ఎక్కి తిరిగేది రైల్వే డివిజన్ ఒక్కటే. అందుకే డివిజన్ చీలిక వార్త వచ్చిన వారం ఎస్.కోట స్టేషన్ బల్ల మీద పక్కన కూర్చున్న ముసలమ్మ నన్ను అడిగింది. శివలింగపురం అవతలి ఊరు ఆమెది, పసుపు అమ్ముకుని తిరిగి వెళ్తోంది. "బాబూ, మన బండి ఒడిశా బండైపోనాదంట, నిజమేనా? ఇక్కడ ఆపరా ఏటి?" ఆపుతారమ్మా, బండికేం ఢోకా లేదు అన్నాను. "మరి ఏటి మారినట్టు?" అంది. అది చాలా మంచి ప్రశ్న. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబే అనుకోండి.

ఏం మారుతుందో తెలియాలంటే డివిజన్ ఆఫీసులో కంట్రోల్ అనే గది ఒకటి ఉంటుందని తెలియాలి. ప్రతి సెక్షన్‌కీ రాత్రీ పగలూ ఒక కంట్రోలర్ కూర్చుని ఉంటాడు. ఏ బండి ఎక్కడుందో, ఏది లూపులో, అంటే పక్క లైనులో, ఆగాలో, ఏది ముందు వెళ్లాలో అతని మాటే. ఘాట్ సెక్షన్‌లో చిన్న స్టేషన్ మాస్టరుకి బయటి ప్రపంచం అంటే ఆ కంట్రోలర్ గొంతే.

ఒక వానాకాలం రాత్రి నేను చిమిడిపల్లిలో డ్యూటీలో ఉన్నాను. చిమిడిపల్లి చుట్టుపక్కల గూడేలకి అప్పట్లో రోడ్డు లేదు, రైలు పట్టాలే రోడ్డు. తొమ్మిది దాటాక నలుగురు మనుషులు డోలీ మోసుకుంటూ ప్లాట్‌ఫాం మీదకి వచ్చారు. డోలీలో నెలలు నిండిన మనిషి, మధ్యాహ్నం నుంచీ నొప్పులు పడుతోంది. వాళ్లు మోసుకొచ్చిన కర్రకి కట్టిన దుప్పటి తడిసి నీళ్లు కారుతోంది. వాళ్లకి పాసింజరు వేళలు తెలుసు, తెల్లారేదాకా బండి లేదనీ తెలుసు. అయినా స్టేషన్‌కే వచ్చారు, ఎందుకంటే ఇంకెక్కడికీ దారి లేదు. కంట్రోల్‌కి ఫోన్ చేశాను. అవతల ఉన్నది బొబ్బిలి వైపు మనిషి. నేను సగం చెప్పేసరికే, "మాస్టారూ, అరకు నుంచి లోడు బండి దిగుతోంది, దాన్ని మీ లూపులోకి తీసుకోండి. గార్డుతో మాట్లాడి బ్రేక్ వ్యానులో ఎక్కించండి. ఎస్.కోటలో అంబులెన్సు ఉండేలా నేను చూస్తాను" అన్నాడు. బండి వచ్చింది. బండి చివర గార్డు ఉండే ఆ బ్రేక్ వ్యాను మెట్టు చాలా ఎత్తు, లూపు చివర ప్లాట్‌ఫాం కూడా లేదు. నలుగురూ భుజాలు పట్టి ఆమెను పైకెత్తుతుంటే గార్డు తన పెట్టె పక్కకి జరిపి నేల మీద చాప పరిచాడు. బండి ఎస్.కోట చేరేసరికి అంబులెన్సు స్టేషన్ బయట ఉంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ మనిషి చంకలో పిల్లాడితో చిమిడిపల్లిలో పాసింజరు దిగింది.

రాయగడలో కూర్చున్న కంట్రోలర్ అయితే ఇలా చేయడని నేను అనను. మనసున్నవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు, ఒడియా సహోద్యోగులు నాకు చేసిన సాయం నేను మరిచిపోలేను. కానీ ఆ రాత్రి పని జరిగింది మంచితనం వల్ల మాత్రమే కాదు. ఎస్.కోటలో ఎవరికి ఫోన్ చేస్తే అంబులెన్సు కదులుతుందో విశాఖ కంట్రోల్‌కి తెలుసు. విశాఖలో పెద్దాసుపత్రి ఎక్కడుందో తెలుసు. తహసీల్దారు, పోలీసు, కలెక్టరు అందరూ ఒకే రాష్ట్రంవాళ్లు, వాళ్ల నంబర్లు కంట్రోల్ టేబుల్ మీదే ఉండేవి. కొండచరియ విరిగి పట్టాల మీద పడితే, బండి ఆగిపోయి ప్రయాణికులు సొరంగాల మధ్య చిక్కుకుంటే, వాళ్లకి నీళ్లు, బస్సులు, డాక్టరు వెళ్లవలసింది ఆంధ్రా వైపు నుంచే. వానాకాలంలో ఆ ఘాట్‌లో బండరాళ్లు పడటం ఏటా ఉన్నదే. రైలు కబురు రాయగడకి వెళ్లి, అక్కడి నుంచి మరో జోన్ పరిధిలోని విశాఖకి వచ్చి, అక్కడి నుంచి పాడేరులో ఉండే జిల్లా కలెక్టరుకి చేరడం అంటే ఎన్ని గంటలు పోతాయో ఆలోచించండి.

రోజువారీ పనుల్లోనూ తేడా ఉంది. అరకు స్టేషన్లో తాగునీరు రాకపోతే, త్యాడలో బండి హాల్టు అరనిమిషం పెంచమని అడగాలంటే, డివిజనల్ మేనేజరుకి అర్జీ పెట్టాలి. డివిజన్ స్థాయి ప్రయాణికుల సలహా సంఘంలో కూర్చోవాలంటే సమావేశానికి వెళ్లాలి. ఇక రెండింటికీ రాయగడే. అరకు నుంచి రాయగడకి రైలులో వెళ్లే దారులు రెండు: పైకి కొరాపుట్ దాకా వెళ్లి రాయగడ లైను పట్టుకోవడం, లేదా కిందికి కొత్తవలస దిగి విజయనగరం, పార్వతీపురం మీదుగా మళ్లీ ఎక్కడం. ఎలా వెళ్లినా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. విశాఖ అయితే పొద్దున బండికి దిగి, పని చూసుకుని తిరిగి రావచ్చు. చిన్న స్టేషన్లలో పనిచేసే గ్యాంగ్‌మెన్, పాయింట్స్‌మెన్ కుటుంబాలకీ ఇదే బాధ. పిల్లల చదువు, ఆసుపత్రి విశాఖలో, సర్వీసు ఫైలు రాయగడలో.

భాష గొడవని ఇందులోకి లాగవద్దని మా వాళ్లకి కూడా చెబుతుంటాను. అరకు చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో మాట్లాడుకునేది ఆదివాసీ ఒరియాయే. సరిహద్దుకి ఇటూ అటూ ఉన్న గదబ, పొరజ, కోటియ, కొంధు కుటుంబాలు పెళ్లిళ్లతో కలిసిపోయి ఉన్నాయి. శుక్రవారం అరకు సంతకి వెళ్తే ఎవరు ఏ రాష్ట్రమో గుర్తుపట్టడం కష్టం. రాయగడకి వెళ్తే భాష రాదన్న వాదన చేసేవాళ్లు కొండని చూడలేదు. సంతకి ఎటు వెళ్తారు, ఆసుపత్రికి ఎటు వెళ్తారు, పిల్లని కాలేజీలో ఎక్కడ చేర్పిస్తారు, ఈ మూడూ చూస్తే చాలు, ఆ ఊరు ఏ డివిజన్‌లో ఉండాలో తెలిసిపోతుంది. అనంతగిరి మండలం గూడేనికి సంత అరకు గానీ ఎస్.కోట గానీ. పెద్ద జబ్బుకి విశాఖ. చదువుకి విశాఖ, విజయనగరం. రాయగడకి ఏ పనీ లేదు.

ఈ కొండల మీద ఇలా గీతలు గీయడం ఇదే మొదటిసారి కాదు. అందుకే ఇంతగా చెబుతున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు, అప్పటిదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న జయపురం సంస్థానం అటు వెళ్లి కొరాపుట్ జిల్లా అయింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. అంతటి రాజుకి ఆ గీత అడ్డం కాలేదు. మాచ్‌ఖండ్ నదికి ఇటు పొలం, అటు అత్తవారిల్లు ఉన్న రైతుకి మాత్రం అడ్డమైంది.

సాలూరు పైన కొఠియా ఊళ్ల సంగతి చూడండి. 21 గ్రామాలు మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్లింది, యథాతథ స్థితి అన్నారు. 2006లో ఆ దావా సాంకేతిక కారణాలతో కొట్టివేశారు. 2021 ఫిబ్రవరిలో అక్కడి కొన్ని ఊళ్లలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరిపితే కోర్టు ధిక్కారం అంటూ ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ, రేషన్ కార్డులూ ఉన్న కుటుంబాలు అక్కడ ఉన్నాయి. బయటివాళ్లకి అది వింతగా, రెండు చేతులా సంపాదనగా కనిపిస్తుంది. ఏ కార్డు ఎప్పుడు చెల్లకుండా పోతుందో తెలియనివాడు రెండూ దాచుకోక ఏం చేస్తాడు?

ఎస్.కోట మండలంలోనే, మా ఊరికి ఎదురుగా కనబడే దారపర్తి కొండ మీద ఇంకో రకం గీత ఉంది. అక్కడ ఉండేది గిరిజనులే, కొండా అదే కొండ, కానీ రాజ్యాంగం అయిదో షెడ్యూలు ఆ ఊళ్లకి వర్తించదు. గీతకి అటువైపు ఊరికి 1970 నాటి 1/70 చట్టం రక్షణ ఉంది, గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనలేడు. ఇటువైపు ఊరికి ఆ రక్షణ లేదు. ఎవరో ఎప్పుడో ఆఫీసులో జాబితా రాసినప్పుడు ఈ పేర్లు చేరలేదు, అంతే. చేర్చమని అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు రైలు గీత. అది వచ్చిన దారి కూడా గమనించాలి. 2014 విభజన చట్టంలో కొత్త జోన్ సంగతి పరిశీలించమని రాశారు. రాష్ట్రం విడిపోయినందుకు జోన్ వచ్చింది, జోన్ వచ్చినందుకు డివిజన్ విడిపోయింది, డివిజన్ విడిపోయినందుకు అరకు విశాఖ నుంచి విడిపోతోంది. ప్రతి మెట్టు దగ్గరా ఎవరికో ఒకరికి లాభం కనిపించింది. ఆఖరి మెట్టు మీద నిలబడ్డవాళ్లని మాత్రం ఎవరూ అడగలేదు.

రైల్వే వైపు నుంచి వచ్చే వాదన నాకు తెలుసు, ఎందుకంటే ఉద్యోగంలో ఉన్న మిత్రులు నాతో అదే వాదిస్తారు. కె.కె. లైను ఒకే పనికి పుట్టిన లైను, దాన్ని మధ్యలో తెంపకూడదంటారు. పుట్టింది ఒకే పనికని నేనూ ఒప్పుకుంటాను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి ఎగుమతి చేయడం కోసం 1960ల్లో దీన్ని వేశారు. 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు కట్టి, శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి బ్రాడ్‌గేజ్ ఎక్కించారు. అప్పటి ఇంజనీర్ల పనికి ఈనాటికీ చేతులెత్తి దండం పెట్టాలి. ఆదివాసీల కోసం వేసిన లైను కాదది. అయినా అరవై ఏళ్లుగా వాళ్ల లైనుగా మారింది. సీతాఫలాల బుట్టలు, అడ్డాకుల మోపులు, పసుపు, కొండ చీపుళ్లు ఎక్కించుకుని కిరండూల్ పాసింజరు దిగి రావడం చూసినవాడెవడూ ఇది ఖనిజం లైను మాత్రమే అనడు. 2017లో అద్దాల పెట్టె తగిలించాక పర్యాటకులకీ ఇదే లైను.

ఇక తెంపడం గురించి. డివిజన్ హద్దు ఎక్కడో ఒకచోట ఉండాలి, కొత్తవలస దగ్గర పెట్టినా తెగుతుంది, గోరాపూర్ అవతల పెట్టినా తెగుతుంది. హద్దు దగ్గర బండి ఆగనవసరం లేదు, ఇంజిను మారదు, సిబ్బంది దిగనవసరం లేదు. ఒక కంట్రోలర్ లెక్కలోంచి ఇంకో కంట్రోలర్ లెక్కలోకి బండి మారుతుంది, అంతే. కూనేరు కూడా జంక్షన్ కాదు, చిన్న స్టేషనే. అక్కడ కుదిరినది ఇక్కడ ఎందుకు కుదరదు? పైగా ఖనిజం లోడయ్యే బచేలీ, కిరండూల్ రెండూ ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాయి. అవి రాయగడలోనే ఉంటాయి, ఉండనివ్వండి. మేం అడుగుతున్నది కొత్తవలస నుంచి సరిహద్దు దాకా ఉన్న నూరు కిలోమీటర్ల పైచిలుకు ముక్క మాత్రమే. అందులో ఇనుప ఖనిజం తవ్వేచోటు ఒక్కటీ లేదు.

2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు కూడా అనంతగిరి మండలం దిగువ ఊళ్లవాళ్లు పాడేరు దూరమని గొణిగారు. అయినా కొండకి సొంత జిల్లా వచ్చిందన్న తృప్తి ఉంది కాబట్టి సర్దుకున్నారు. ఈ రైలు పంపకంలో సర్దుకోవడానికి అలాంటి తృప్తి ఏదీ లేదు. గిరిజన ప్రాంతాల గ్రామసభలకి 1996 పెసా చట్టం ఎంతో గౌరవం ఇచ్చింది. రైల్వే హద్దుల గురించి గ్రామసభని అడగాలని ఏ చట్టమూ చెప్పకపోవచ్చు. అడిగితే తప్పని కూడా ఏ చట్టమూ చెప్పదు. బొర్రా, త్యాడ, చిమిడిపల్లి ఊళ్లలో సభ పెట్టి అడగండి. ఒక్క చేయి రాయగడ అని లేస్తే నేను ఈ మాట మళ్లీ ఎత్తను.

మార్చడం అసాధ్యం అనేవాళ్లకి ఒక్క సంగతి గుర్తుచేస్తాను. 2019 ఫిబ్రవరి 27న జోన్ ప్రకటించినప్పుడు వాల్తేరు డివిజన్‌నే పూర్తిగా ఎత్తేసి, ఒక ముక్క విజయవాడకి, ఒక ముక్క రాయగడకి పంచుతామన్నారు. ఇక్కడి ప్రజలు ఒప్పుకోలేదు. ఆరేళ్ల తర్వాత మంత్రివర్గమే ఆ నిర్ణయాన్ని సవరించి, విశాఖపట్నం పేరుతో డివిజన్‌ని నిలబెట్టింది. అంత పెద్ద మార్పు చేయగలిగినవాళ్లు హద్దు రాయిని కొత్తవలస నుంచి గోరాపూర్ అవతలికి జరపగలరు. ఎస్.కోట విశాఖ లోక్‌సభ స్థానంలో ఉంది, బొర్రా, అరకు స్టేషన్లు అరకు లోక్‌సభ స్థానంలో ఉన్నాయి. ఈ ఇద్దరు ఎంపీలూ పార్టీలు పక్కనబెట్టి ఒకే కాగితం మీద సంతకం చేసి రైల్వే మంత్రికి ఇవ్వాలి. కూనేరు దగ్గర పాటించిన పద్ధతే ఇక్కడా పాటించమని అందులో రాస్తే చాలు.